బొటనవేలి కింద టేపు

"నలభై జతలు. ఎడం చేత్తో కత్తిరిస్తారో, పళ్ళతో కత్తిరిస్తారో చెప్పండి. నేనూ చూసి తరిస్తాను," అంది అమ్మ.

నాన్న కత్తిరింపు బల్ల ముందు కుర్చీలో, మెడకి కట్టిన పట్టీలో పిండికట్టు చెయ్యి వేలాడేసుకుని, గోడమీది క్యాలెండరు కేసి చూస్తూ కూచున్నాడు. ఆ క్యాలెండరులో చూడ్డానికేమీ లేదు. పోయిన నెల కాగితమే ఇంకా వేలాడుతోంది.

ఆదివారం పొద్దున బండి ఆయన చేతిమీద పడింది. ఇవాళ బుధవారం. ఈలోగా అమ్మ ఇదే మాటని ఎన్ని రకాలుగా తిప్పి అందో ఆవిడకే గుర్తుండదు. నర్సుల యూనిఫారాలు నలభై జతలు వచ్చే వారానికి ఇవ్వాలి. తెల్లగుడ్డ తానులు గోడ వారగా పేర్చి ఉన్నాయి. మిషను తొక్కడం ఆ ఇంట్లో మొగుడూ పెళ్ళాం ఇద్దరికీ వచ్చు. కత్తెర పట్టడం మాత్రం నాన్న ఒక్కడికే. ముప్ఫై ఏళ్ళుగా అమ్మ ఆ కత్తెరని తుడిచి పెట్టిందే తప్ప గుడ్డమీద ఆడించలేదు.

దుకాణానికీ ఇంటికీ మధ్య ఉన్న తలుపు పక్కన నిలబడి బొత్తాం ఇదంతా వింటోంది. ఇరవై ఆరేళ్ళొచ్చినా, పశువుల ఆస్పత్రిలో రెండేళ్ళుగా సూదులు పొడుస్తున్నా, వీధికి ఆమె బొత్తామే. టైలరు కూతురు. నాలుగడుగుల తొమ్మిదంగుళాల మనిషి. ఆ పేరు పెట్టినవాడెవడోగాని కుట్టినట్టు సరిపోయేలా పెట్టాడు.

"బండి కొనేవాళ్ళు ఇంజను చూస్తారు. ఈయన మెళ్ళో టేపు వేసుకుని వెళ్ళాడు. ప్యాంటు కుట్టాలనుకున్నాడో ఏమో బండికి," అంది అమ్మ మళ్ళీ.

నాన్న చూపు క్యాలెండరు మీంచి కదల్లేదు. బొత్తాం చూపు మాత్రం తన కాళ్ళమీదికి దిగింది. ఈ నాలుగు రోజుల్లో ఆ కాళ్ళని చూసుకున్నంతగా పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ చూసుకోలేదు.

అమ్మ అన్న మాట అబద్ధం కాదు. ఊళ్ళు తిరిగి పశువులకి టీకాలు వేసే పని ఖాళీ అయింది. బొత్తాం చేస్తున్నది తాత్కాలికం, ఇది పర్మనెంటు. ఒక్కటే షరతు: ఒకటో తారీకు నాటికి సొంత గేర్ల బండి ఉండాలి, నడపడం రావాలి. ఆ కొండదారుల్లో రాళ్ళమీద స్కూటర్లు నిలవవు. సరే, బండి కొందామన్నాడు నాన్న. తన పిల్లకి తగిన బండి తనకి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుందన్నాడు. కూతుర్ని దుకాణంలో నిలబెట్టి కొలత తీశాడు. షోరూముకి వెళ్ళి సీటుకీ నేలకీ మధ్య టేపు పట్టి, ఒక్కో బండి కొలతా చీటీమీద రాసుకున్నాడు. అక్కడున్న కుర్రాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. ఆయన పట్టించుకోలేదు. ఎర్రబండి సీటు ముప్ఫై అంగుళాలు, కూతురి కాలు ఇరవైతొమ్మిది. ఉతికితే గుడ్డ కుదించుకుపోతుందని ముందే అంగుళం వదిలే మనిషి, కూచుంటే స్ప్రింగులు అణుగుతాయని ఇక్కడా ఓ అంగుళం వదిలాడు. లెక్క సరిపోయింది. బండి ఇంటికొచ్చింది.

ఆ లెక్కలో తప్పెక్కడుందో ప్రపంచంలో ఒక్కరికే తెలుసు. ఆ ఒక్కర్తీ తలుపు పక్కన నోరు కుట్టేసుకుని నిలబడి ఉంది.

నాన్నకి మోకాళ్ళు వంగవు. అందుకని కాలు కొలిచేటప్పుడు టేపు చివర నేలమీద వదిలి, దాన్ని బొటనవేలితో తొక్కిపట్టమంటాడు. తను నిలబడే పైన కొలత చదువుకుంటాడు. వచ్చినవాళ్ళందరూ అలాగే తొక్కుతారు. బొత్తామూ తొక్కింది. తొక్కి, మెల్లిగా రెండు మడమలూ పైకెత్తింది. ఎందుకెత్తావంటే ఏం చెబుతుంది? ఆ ముందురోజు ఒక పశువుల కొట్టం దగ్గర, ఐసుపెట్టె మోసుకుంటూ వెళ్ళిన ఆమెని చూసి, "పాపా, డాక్టరు వెనకాల వస్తున్నారా?" అని ఎవరో అడిగారు. బడిలో ప్రతిరోజూ వరసలో ముందు నిలబెట్టారు. గ్రూపు ఫొటోల్లో కిందనే కూచోబెట్టారు. ఇవన్నీ కలిసి ఆ మడమల్ని లేపాయి. అంతే. ఆ క్షణంలో తన నాన్న చీటీమీద తన కాలు కాస్త పొడుగ్గా ఉండాలనిపించింది.

షోరూములోనూ అదే బుద్ధి. ఎర్రబండి సైడు స్టాండు మీద ఎడమకి ఒరిగి ఉంది. ఎక్కి కూచుంటే ఎడమ కాలు చక్కగా నేలకి ఆనింది. ఆ పక్కనే నల్లది, సీటు బాగా కిందికున్న బండి ఒకటి ఉంది. "పాపకైతే అది బావుంటుందండీ," అన్నాడు అమ్మేవాడు. వాడు మంచికే అన్నాడు. బొత్తాంకి మొహం మీద కొట్టినట్టయింది. "నాకిది అందుతోంది," అంది ఎర్రబండి మీంచి.

ఆదివారం బడి ఆటస్థలంలో నాన్న వెనకనించి పట్టుకుని పరుగెత్తుతున్నాడు. ఆయనకి ఆ మోకాళ్ళతో అది పరుగే. బొత్తాం ఆపింది, కుడికాలు దింపింది. నేల దొరకలేదు. ఇంకాస్త దింపింది. అప్పటికే బండి ఒరిగింది. కూతురి కాలు దానికింద పడుతుందని నాన్న చెయ్యి అడ్డుపెట్టాడు. కుడి మణికట్టు.

"అత్తయ్యా, ఉన్నారా?" అని వీధిలోంచి పిలుపు వచ్చింది.

అక్క మొగుడు. బావకి ఊరి చివర మెకానిక్ షెడ్డు ఉంది. ఒక పొట్టి నల్లబండిని నెట్టుకుంటూ వచ్చి గుమ్మంముందు నిలబెట్టాడు. ఎవరో వాడి వదిలేసినదట, ఎర్రదానికి మార్పిడి ఇచ్చేందుకు ఆ మనిషి ఒప్పుకున్నాడట. లోపలికొచ్చి గుడ్డపీలికతో చేతులు తుడుచుకుంటూ మామగారి ఎదుట స్టూలుమీద కూచున్నాడు. నొప్పి తగ్గిందా అని అడిగాడు. నాన్న తలూపాడు. అది అవునో కాదో తెలియలేదు.

"మీరు కొలిచింది ప్యాంటుకైతే సరిపోయేది మామయ్యా," అన్నాడు బావ నచ్చజెబుతున్నట్టు. "ప్యాంటులో కాలు తిన్నగా దిగుతుంది. బండి మీద సీటు వెడల్పు కదా, కాలు పక్కకి తిరిగి దిగుతుంది. ఒకటిన్నర అంగుళం అక్కడే పోతుంది. ఇది మా పనిలో వాళ్ళకే తెలియదు, మీకెలా తెలుస్తుంది?"

ఓదార్పే అది. కానీ ఓదార్చిన కొద్దీ నాన్న కుర్చీలో ఇంకా కుంగిపోయాడు.

"తెలియనప్పుడు తెలిసినవాణ్ణి అడగాలి. అల్లుడు మెకానిక్కు. ఇంట్లో మనిషి. ఆయన్ని వెంట తీసుకెళ్తే ఈయన టేపు అరిగిపోతుందా?" అంది అమ్మ.

"పోనిద్దురూ అత్తయ్యా."

"ఎక్కడికి పోనిచ్చేది? రేపు ఆర్డరిచ్చిన నర్సమ్మ వస్తే నేను చెప్పాలి సమాధానం."

అప్పుడు నాన్న నోరు విప్పాడు. చాలా నెమ్మదిగా, గుడ్డమీద సుద్దగీత గీసినంత జాగ్రత్తగా చెప్పాడు. నర్సమ్మకి ఏమీ చెప్పక్కర్లేదన్నాడు. తానులన్నీ పక్కవీధి టైలరుకి ఇచ్చేస్తానన్నాడు. ఇవాళే.

అమ్మ నోరు అక్కడే ఆగిపోయింది. పక్కవీధి టైలరంటే ఆ ఇంట్లో నవ్వుకోవడానికి తప్ప ఎన్నడూ తలుచుకోని మనిషి. ఆయన కుట్టిన ప్యాంటుకి రెండు కాళ్ళూ అన్నదమ్ములు కావు, దాయాదులని నాన్నే అనేవాడు. పండితుడు తీర్పు చెప్పినట్టు చెప్పి, తనే పగలబడి నవ్వేవాడు.

"ఆరు వారాల్లో చెయ్యి అతుక్కుంటుంది కదండీ. నర్సమ్మని బతిమాలుకుంటాను. గడువు ఇస్తుంది," అంది అమ్మ. ఆవిడ గొంతులో ఇందాకటి పదును లేదు.

"చెయ్యిదేముంది, అతుక్కుంటుంది," అన్నాడు నాన్న. "కన్నకూతురి కాలు కొలవడం రానివాణ్ణి. నలభైమంది పరాయిపిల్లల భుజాలు ఏం మొహం పెట్టుకుని కొలవను? ఇక కత్తెర పట్టను."

 బావ గుడ్డపీలికని మడతపెట్టాడు, మళ్ళీ విప్పాడు.

బొత్తాం తలుపు రెక్క పట్టుకుంది. చెప్పడానికి ఈ నాలుగు రోజుల్లో సమయం దొరక్క కాదు. ఆస్పత్రిలో కట్టుకట్టేటప్పుడు చెప్పొచ్చు. రిక్షాలో పక్కనే కూచున్నప్పుడు చెప్పొచ్చు. నిన్న ఆయనకి చొక్కా తొడిగినప్పుడైతే మాట నాలుక చివరిదాకా వచ్చింది. "నీకేం దెబ్బ తగల్లేదు కదా," అని ఆయనే ముందు అడిగేసరికి ఆ మాట కాస్తా గొంతులోకి జారిపోయింది. ఒకరోజు దాటిన నిజాన్ని రెండోరోజు చెప్పడం కష్టం. మూడోరోజు ఇంకా కష్టం. సిగ్గు పెరిగినంత వేగంగా తనెప్పుడూ పెరగలేదు.

ఇప్పుడూ ఊరుకుంటే ఆయన నిజంగానే కత్తెర వదిలేస్తాడు. మొండి మనిషి. ఆ సంగతి ఆమెకి తెలుసు.

"నాన్నా," అంటూ తలుపు పక్కనించి ఇవతలికి వచ్చింది. "నువ్వు తప్పు కొలవలేదు."

నాన్న ఆమె కేసి చూశాడు.

"నేను మడమలెత్తాను. నువ్వు పైన చదువుకుంటున్నావు కదా, కింద చూడలేదు. టేపు తొక్కి మడమలెత్తాను."

అమ్మ మిషను స్టూలుమీద చతికిలబడింది. బావ తల వంచుకున్నాడు, ఇలాంటప్పుడు అల్లుడు ఇంట్లో ఉండకూడదన్నట్టు.

"ఎంత?" అన్నాడు నాన్న.

బొత్తాంకి అర్థం కాలేదు.

"ఎంత ఎత్తావు?"

"రెండు వేళ్ళ మందం. అంతకంటే కాస్త తక్కువేనేమో."

నాన్న పెదాలు కదిలాయి. లెక్క కట్టుకుంటున్నాడు. "అయితే ఇరవయ్యేడున్నర," అన్నాడు తనలో తాను. ఒక్క క్షణం ఆయన మొహం తేటపడింది. వీపు కుర్చీకి ఆనింది. తన టేపు తప్పు చెప్పలేదు. నలభై ఏళ్ళ చెయ్యి తప్పు చేయలేదు. అమ్మయ్య, గండం గడిచిందనుకుంది బొత్తాం. తిట్టినా పరవాలేదు, కొట్టినా పరవాలేదు అనుకుంది.

ఆ తేట నిలవలేదు.

"ఆదివారం నుంచీ మీ అమ్మ నన్ను అంటూనే ఉంది," అన్నాడు నాన్న. "నువ్వు ఆ తలుపు పక్కనే ఉన్నావు కదూ?"

"ఉన్నాను."

"అన్నీ విన్నావా?"

"విన్నాను నాన్నా."

ఆయన చూపు మళ్ళీ క్యాలెండరు మీదికి పోయింది. బొత్తాంకి తల కొట్టేసినట్టయింది. మడమలెత్తినందుకు నాలుగు రోజులుగా సిగ్గుపడుతోంది గాని, అసలు సిగ్గుపడాల్సింది అందుకు కాదని ఇప్పుడే తెలిసింది. పొట్టిగా ఉన్నందుకు ఇంతకాలం పడ్డ అవమానాలన్నీ కలిపినా ఇందులో సగం ఉండవు. క్షమించు నాన్నా అనబోయింది. ఆ మాట కూడా దొంగమాటలాగే తోచి ఊరుకుంది.

సరిగ్గా అప్పుడే పశువుల డాక్టరమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఆవిడ చేతిలో అట్టకి బిగించిన కాగితాలున్నాయి. దారినపోతూ ఆగానంది, నాన్న చెయ్యి చూసి అయ్యో అంది. ఎముక ఎక్కడ విరిగిందో, ఎవరు కట్టారో కనుక్కుంది. తర్వాత వచ్చిన పని చెప్పింది. ఈ సాయంత్రం పేర్లు పైకి పంపాలి. బొత్తాం పేరు రాయాలని ఆవిడకీ ఉంది. కానీ కొండదారిలో మందులపెట్టె కట్టుకుని ఒంటరిగా పోవలసిన పని. ఏదైనా జరిగితే తనే జవాబు చెప్పుకోవాలి.

"మీ మాట చాలు నాకు, టైలరుగారూ. మీరు కొలిచి చెప్పే మనిషి. ఒకటో తారీకుకి నడపగలదంటారా?"

ఆ 'కొలిచి' అన్న మాటకి అమ్మ కళ్ళు మూసుకుంది.

"నన్నడక్కండి డాక్టరమ్మా. ఆమెనే అడగండి," అన్నాడు నాన్న. "ఆమె సంగతి ఇక నేను చెప్పలేను."

పుట్టిన దగ్గర్నుంచీ బొత్తాం ఆయనకి 'మా పిల్ల'. కోపమొస్తే 'అది'. 'ఆమె' ఎప్పుడూ కాలేదు.

డాక్టరమ్మ ఇటు తిరిగింది. నడపగలనండీ అనేస్తే పోయేది. ఆ మాట నోట్లో సిద్ధంగానే ఉంది, ఎప్పుడూ ఉండేదే. బొత్తాం దాన్ని మింగేసింది.

"ఎర్రబండి నాకు అందదండీ," అంది. "అందుతుందని అబద్ధం చెప్పాను. అందుకే నాన్న చెయ్యి విరిగింది. గేర్లు వచ్చు, తోలడం కొంచెం వచ్చు. ఆపడమే రాలేదు, కాలు ఆనక. బయట బావ తెచ్చిన పొట్టిబండి ఉంది. దానిమీద ఇంకా ఎక్కలేదు. ఎక్కితేగాని తెలియదు."

 డాక్టరమ్మ ఆ అట్టని చంకలో పెట్టుకుంది. 

"అయితే ఎక్కు. వీధి చివరిదాకా వెళ్ళి తిరిగి రా. అప్పుడు ఆలోచిస్తాను."

బయట ఎండ ఇంకా తగ్గలేదు. బావ బండిని స్టాండు మీంచి దింపి నిటారుగా పట్టుకున్నాడు. ఒరిగి ఉన్నప్పుడు కాలు ఆనినా లెక్కలోకి రాదు మరదలా, నిటారుగా ఉన్నప్పుడు రెండు పాదాలూ చూసుకోవాలి అని మెల్లిగా చెప్పాడు. ఎదురింటి అరుగుమీద ఇద్దరు ముసలివాళ్ళు మాటలు ఆపేశారు. పక్కింటావిడ బట్టలు ఆరేయడం ఆపింది. ఆదివారం సంగతి వీధిలో తెలియనిదెవరికి?

బొత్తాం ఎక్కింది. సీటు ఎక్కడో కింద ఉంది, చిన్నపిల్లల గుర్రంబొమ్మలాగా. రెండు పాదాలూ, మడమలతో సహా, నేలకి ఆనాయి. ఇంతేనా అనిపించింది. ఈ మాత్రం దానికి, పొట్టి బండి మీద పొట్టిగా కనబడతానన్న భయానికి, నాన్న చెయ్యి విరగ్గొట్టింది.

మొదటిసారి క్లచ్చు గబుక్కున వదిలేసరికి బండి ఎగిరి ఆగిపోయింది. అరుగుమీద ఎవరో దగ్గారు.  రెండోసారి కదిలింది. కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే రోడ్డు మసగ్గా కనిపించింది. భుజంతో తుడుచుకోబోయి, హ్యాండిలు ఊగేసరికి మానేసింది. రెండో గేరు పడింది. కిరాణా కొట్టు దాటింది, సైకిలుకి గాలికొట్టేవాణ్ణి దాటింది. వీధి చివర నీళ్ళట్యాంకు దగ్గర నెమ్మదిగా, రెండు కాళ్ళూ నేలమీద తాకిస్తూ, వెనక్కి తిప్పుకుంది. ఆగింది. పడలేదు. మళ్ళీ బయల్దేరింది.

సగం దూరం వచ్చేసరికి ఎదురుగా నాన్న కనబడ్డాడు.

వీధి అంచున నడిచి వస్తున్నాడు. ఎడమ చంకలో తెల్లగుడ్డ తాను ఒకటి ఇరికించుకున్నాడు. అది ఒక చేత్తో మోసే బరువు కాదు. నాలుగడుగులకోసారి జారుతుంటే మోకాలు ఎత్తి సర్దుకుంటున్నాడు. ఎవరి సాయమూ అడిగినట్టు లేదు. ఆయన వెనక, దూరంగా, గుమ్మంలో అమ్మ నిలబడి ఉంది. పిలిచి పిలిచి ఊరుకున్నట్టుంది. బావ బిగుసుకుపోయి డాక్టరమ్మ పక్కన నిలబడ్డాడు.

బొత్తాం ఆయన పక్కకొచ్చి బ్రేకు నొక్కింది. ఎడమ పాదం, కుడి పాదం, రెండూ ఒకేసారి దిగాయి. బండి రవ్వంత కూడా ఒరగలేదు.

"నాన్నా, ఇవ్వకు నాన్నా. నువ్వు గీతలు గీయి. నేను కత్తిరిస్తాను. నువ్వు ఎలా చెబితే అలా. ఒకటో తారీకు వద్దు, ఉద్యోగం వద్దు."

నాన్న ఆగాడు. ఆయన చూపు మొదట బండి సీటు మీదికి వెళ్ళింది. అక్కణ్ణుంచి నేలకి ఆనిన ఆమె పాదాల మీదికి దిగింది. మడమల దగ్గర కాసేపు నిలిచింది. అలవాటు ఎక్కడికి పోతుంది? కంటితోనే కొలిచేశాడు. సరిపోయిందని బొత్తాంకి తెలిసింది. ఆయన చెప్పలేదు.

"రోడ్డు మధ్యలో బండి ఆపకూడదు," అన్నాడు. "వెనకాల ఎవరైనా వస్తుంటారు."

గుడ్డతాను మళ్ళీ జారింది. మోకాలితో పైకి తోసుకుని, పక్కవీధిలోకి తిరిగాడు.